లావు నడక

"అలా కాదమ్మా, లావుగా నడవాలి," అంది ప్రొఫెసరమ్మ.

ఆటస్థలం గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి అయోమయంగా చూసింది. "లావుగా అంటే ఎలా మేడమ్? నేను..."

"పేరు చెప్పకు. మా పరిశోధనలో పేర్లు ఉండకూడదు. నడక చూడు, ఇలా," అంటూ ఆవిడ కాళ్ళు ఎడంగా పెట్టి, రొప్పుతూ నాలుగడుగులు వేసి చూపించింది. మనిషి వెదురుబద్దలా ఉంటుంది. ఆ నడక ఆవిడకు బొత్తిగా నప్పలేదు. వెనకనున్న శిష్యుడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

లావుగా ఉన్న పిల్లల్ని తోటి పిల్లలు ఎంత చులకనగా చూస్తారన్నది ప్రొఫెసరమ్మ పరిశోధన. అందుకో పద్ధతి కనిపెట్టింది. సన్నటి పిల్లకు లోపల స్పాంజి కుక్కిన సూటు తొడిగి, ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య వదిలి, వాళ్ళేమంటారో చాటునుంచి రాసుకోవడం. నాటకాల మేష్టారొకాయన ఓ పిల్లని తయారుచేసి గేటు దగ్గరికి పంపుతానన్నాడు. సెలవుల ఆటల శిబిరం ఇవాళే మొదలు. సాయంత్రంలోగా వ్యాసం పంపకపోతే సదస్సులో ఆవిడకు చోటు దక్కదు. వ్యాసానికి ముగింపు మాత్రం నిన్ననే రాసేసుకుంది.

"అచ్చం నిజంలాగే ఉంది కదా మేడమ్," అన్నాడు శిష్యుడు, లోపలికి వెళ్తున్న అమ్మాయిని చూస్తూ.

"ఏం నిజం? ఆ గెంతడం చూడు. లావు పిల్లలు ఎక్కడైనా అలా గెంతుతారా?"

ఇద్దరూ సామాన్ల గది కిటికీ వెనక చేరారు. మైదానంలో పట్టుకునే ఆటకు జట్లు పంచుకుంటున్నారు. ఒక్కొక్కళ్ళనే పిలుచుకుని, చివరికి ఈ అమ్మాయిని మిగిల్చారు. ప్రొఫెసరమ్మ మొహం వెలిగిపోయింది.

"ఈ బస్తా మాకొద్దు. మీరే ఉంచుకోండి," అన్నాడు ఒక జట్టు నాయకుడు.

"రాసుకో, రాసుకో," అంది ఆవిడ మురిపెంగా. "బస్తా. ఎంత చక్కటి మాట."

"నిన్ను పట్టుకోవడం చిటికెలో పని," అంది రెండో జట్టు పిల్ల.

"పట్టుకో. పట్టుకున్నవాళ్ళే మోసుకెళ్ళాలి మరి," అంది అమ్మాయి.

పిల్లలు విరగబడి నవ్వారు. బస్తా అన్నవాడే అందరికన్నా ఎక్కువ నవ్వి, "రా, మా జట్టులోకి రా," అని చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు.

ప్రొఫెసరమ్మ శిష్యుడి రాత ఆపించింది. అమ్మాయిని సైగ చేసి కిటికీ దగ్గరికి పిలిచింది.

"నిన్ను ఎవరు ఎదురు చెప్పమన్నారు?"

"వాళ్ళు అన్నారు కదా మేడమ్. నేనూ అన్నాను."

"నువ్వు అనకూడదు. తల దించుకోవాలి. ఓ మూలకెళ్ళి కూర్చోవాలి. నాలుగు కన్నీటి చుక్కలు రాలిస్తే మరీ మంచిది."

"ఎందుకు మేడమ్?"

"లావు పిల్లలు అలాగే ఉంటారు కాబట్టి. నా సగం జీవితం వాళ్ళ మీదే ధారపోశాను. నాకు తెలియదూ?"

అమ్మాయి మైదానం వైపు ఆశగా చూసింది. "నాకు ఆడుకోవాలని ఉంది మేడమ్."

"ఆటలు తర్వాత. ముందు వెళ్ళి కూర్చో."

పెద్దావిడ మాట కాదనలేక అమ్మాయి వెళ్ళి బల్ల మీద తల దించుకుని కూర్చుంది. చూడటానికి నిజంగానే జాలేసింది. ప్రొఫెసరమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇక వెక్కిరింతలు వానలా కురవాలి.

జట్టు నాయకుడు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? బస్తా అన్నానని ఏడుస్తున్నావా? ఇంకెప్పుడూ అననులే. లే, మనం ఓడిపోతున్నాం." వెనకే ఇంకో ఇద్దరొచ్చారు. ఒకరు మంచినీళ్ళ సీసా ఇచ్చారు, ఒకరు ఊడిన బూటు తాడు కట్టారు. ముగ్గురూ కలిసి అమ్మాయిని బరబరా ఆటలోకి ఈడ్చుకుపోయారు.

"ఇది కూడా రాయనా మేడమ్?" అడిగాడు శిష్యుడు.

"వద్దు. ఈ పిల్లలకు బొత్తిగా బుద్ధి లేదు," అంది ఆవిడ నీరసంగా.

ఆట ముగిశాక అమ్మాయి చెమటతో తడిసి ముద్దయి, నవ్వు మొహంతో సామాన్ల గదిలోకి వచ్చింది. ప్రొఫెసరమ్మ మాత్రం మండిపడుతోంది.

"నా పరిశోధన నిలువునా ముంచేశావు. నీ నటన చూసి ఎవరైనా లావు పిల్లంటే నమ్ముతారా? ఆ గంతులేమిటి, ఆ నవ్వులేమిటి? లావుగా ఉండటమంటే ఏమిటో నీకు ఒక్కరోజైనా తెలిసుంటే కదా."

అమ్మాయి ఏదో అనబోయి, ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి మంచినీళ్ళ సీసా అందించింది. పాపం, ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. అంత కష్టపడి రాసుకున్న ముగింపు ఇప్పుడు ఎందుకూ కొరగాదు.

"సరే, ఇటు తిరుగు. ఆ సూటు తీసిచ్చెయ్. రేపు ఇంకెవరికైనా తొడిగి చూస్తాను," అంటూ ఆవిడ అమ్మాయి వీపంతా తడమసాగింది. మెడ దగ్గర చూసింది. చంకల కింద చూసింది. చక్కిలిగింతలకు అమ్మాయి మెలికలు తిరిగిపోయింది. శిష్యుడు కూడా కళ్ళజోడు తుడుచుకుని వెతుకులాటకు వచ్చాడు.

"ఏదీ జిప్పు? ఎక్కడ పెట్టాడే మీ మేష్టారు?" విసుక్కుంది ప్రొఫెసరమ్మ.

"దొరికితే నాకూ చెప్పండి మేడమ్," అంది అమ్మాయి కిసుక్కున నవ్వి. "నేను పుట్టినప్పట్నుంచీ మా అమ్మ దాని కోసమే వెతుకుతోంది."