ఇంకా తేల్చుకోనివారు

“ఇవాళైనా తేల్చండి, ఆర్డిత్ గారూ! అవునా, కాదా?”

అమెరికాలో ఉత్తరపు ఊరు డులూత్‌లో కురిసే జనవరి మంచు దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు ఓరిన్. మెట్టు మీద జారాడేమో, ప్యాంటు మోకాలి దగ్గర తడిసి ఉంది. చేతిలో ఎప్పటిలాగే కాగితం బిగించిన అట్ట. డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందులకు టీవీలో ప్రకటనలు నిషేధించాలని వాషింగ్టన్‌కు పంపే అర్జీ.

అర్జీ పట్టుకు తిరిగేవాళ్లు సంతకం పెట్టినవారి ఇంటికి మళ్లీ వెళ్లరు. కాదన్నవారి ఇంటికీ వెళ్లరు. ‘ఇంకా తేల్చుకోలేదు’ అన్న గడిలో టిక్కు పడినవారి ఇంటికే మళ్లీ వస్తారు. ఆ సంగతి తెలిశాక ఆర్డిత్ తేల్చుకోవడం మానేసింది. సెప్టెంబరు నుంచి ప్రతి మంగళవారం ఒక కొత్త సందేహం ఆలోచించి పెట్టుకుని, రెండు కప్పులు కడిగి ఉంచుతోంది. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే.

“ముందు కూర్చోండి, కాఫీ చల్లారిపోతోంది. నా కీళ్ల మందు సంగతి టీవీయే చెప్పింది. ఏ డాక్టరు చెప్పాడు?”

“దాని ఖరీదు కూడా టీవీయే చెప్పిందా?”

“వెటకారానికేం తక్కువ లేదు!”

టీవీలో మందు ప్రకటన వస్తోంది. ఓ ముసలి జంట నవ్వుతూ పడవ నడుపుతోంది. ఆ మందు వల్ల రాగల ముప్పులను వెనకనుంచి ఎవరో గడగడా చదువుతున్నారు: తల తిరగడం, రక్తస్రావం, మరణం.

“చస్తారని చెబుతుంటే ఆ ఇకఇకలేమిటండీ!” అన్నాడు ఓరిన్.

“అది సరే. వీటిలో ఒంటరి ముసలాళ్లు ఒక్కరూ కనబడరేం?”

“ఒక్కళ్లనే చూపిస్తే మందెవడు కొంటాడు?”

ఇద్దరూ నవ్వారు. ఓరిన్ నవ్వు దగ్గులోకి దిగింది. మోకాలు రుద్దుకున్నాడు.

ఆర్డిత్‌కు కలుక్కుమంది. రెండు కప్పుల కాఫీ కోసం డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని మంచులో తిప్పుతోంది. రేపు ఆ మెట్టు మీద తుంటి విరిగితే? ఆ గుమ్మం దిగి తిరిగి రానివాళ్లు ఇప్పటికే చాలు.

“అట్ట ఇలా ఇవ్వండి. సంతకం పెడతాను.”

ఓరిన్ అట్టను ఒళ్లోకి లాక్కున్నాడు. “తొందరేం లేదు. మంగళవారం దాకా ఆలోచించుకోండి.”

“తేల్చమన్నది మీరే కదా!”

“అంటాంలెండి. అన్నంత మాత్రాన…”

ఆమె లాగేసుకుంది. ఇన్నాళ్లకు ఆ కాగితం ఆమె చేతికి రావడం ఇదే మొదలు. కళ్లజోడు సవరించుకుని, వచ్చే మంగళవారాన్ని తలుచుకోకుండా, కలం ఆనించింది.

కాగితం పైన చిన్న అక్షరాలలో అచ్చయి ఉంది: ‘ఈ అర్జీలు మాకు చేరవలసిన ఆఖరి తేదీ అక్టోబరు 15.’ అది దాటి మూడు నెలలైంది.