పొగ వయసు

"మీ నాన్నే! ఇంకెవరు?" అంది తల్లి, యంత్రం తెరమీద గీత నిటారుగా లేవగానే.

కూతురిది గాలిని పరీక్షించే ఉద్యోగం. మర్నాడు ఓడెక్కి ఆరు నెలలు సముద్రం మీది గాలిని కొలవాలి. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూద్దామని దాని గొట్టాన్ని పెరటి కిటికీలోంచి బయటికి పెట్టింది. తీరా చూస్తే అది సిగరెట్ పొగ చూపిస్తోంది.

"నాన్నా, మానేశానన్నావు! నువ్వు మళ్ళీ మొదలుపెడితే నేను ఓడెక్కను. ఇక్కడే కాపలా కూర్చుంటా."

"నేను కాదే తల్లీ! తెల్లారగట్ల వీధిలో ఎవడో కాల్చుంటాడు. ఆ పొగే ఇంకా తిరుగుతోంది."

"యంత్రం అబద్ధం చెబుతుందా? ఈయన చెబుతారు గానీ!" అంది తల్లి.

"ఉండమ్మా. పొగ వయసు చూస్తే తేలిపోతుంది."

"పొగకి వయసేమిటే?"

"ఎండకి గాలిలో హైడ్రాక్సిల్ అని ఒకటి పుడుతుంది. మహా తిండిపోతు. కనబడిన వాయువునల్లా కొరికేస్తుంది. పొగలో ఉండే ఫ్యూరాన్‌ని గంటల్లో తినేస్తుంది. బెంజీన్ దానికి అంత తొందరగా కొరుకుడు పడదు, రోజులు పడుతుంది. పాత పొగైతే ఈపాటికి ఫ్యూరాన్ అయిపోయి బెంజీనే మిగలాలి. ఇక్కడ రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఇది వేడివేడి పొగ. గంట కూడా అయ్యుండదు."

"దొరికారా!" తల్లి చేతులు నడుముమీద పెట్టుకుంది.

తండ్రి మొహం వెలిగిపోయింది. "గంట కూడా కాలేదా? పొద్దుట్నుంచీ ఈ గొట్టం పట్టుకుని నీ పక్కనే నించున్నాను కదే! బాత్రూంకైనా వెళ్ళనిచ్చావా?"

కూతురు తలూపింది. నిజమే.

"ఆ యంత్రమే చెడిపోయుంటుంది. డబ్బాలో పెట్టేసి భోజనాలకి రండి," అంటూ తల్లి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూతురు మీటలన్నీ మళ్ళీ నొక్కి చూసింది. "యంత్రం బాగానే ఉంది నాన్నా. మరి..."

తండ్రి వంటింటి వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించాడు.

"నువ్వు నిశ్చింతగా ఓడెక్కు తల్లీ. నేను మానేశాను. మీ అమ్మే, పాపం, ఇంకా ప్రయత్నిస్తోంది."