తాడు కట్టిన ఎండ్రకాయ

పరీక్ష పేపరు మీద ఎండ్రకాయ బొమ్మ గీసినందుకే ఇంటర్ తప్పానని ధనలక్ష్మి ఆరేళ్లుగా నమ్ముతోంది.

ఆ ప్రశ్న ఇప్పటికీ నోటికొచ్చు. ఆల్కైల్ హాలైడు పొటాషియం సయనైడుతో కలిస్తే ఒకటి వస్తుంది, సిల్వర్ సయనైడుతో కలిస్తే మరొకటి వస్తుంది. ఎందుకు?

ఆ పూట పుస్తకంలో మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఎండ్రకాయలు కరవకుండా తాడు కట్టిన చేతులు. తెలిసిందే రాసింది. సయనైడుకు రెండు చేతులు, కార్బన్ ఒకటి, నైట్రోజన్ ఒకటి. పొటాషియం దాన్ని విడిచిపెడుతుంది, అది కార్బన్ చేత్తో గట్టిగా పట్టేస్తుంది. నైట్రైల్ వస్తుంది. వెండి అలా కాదు. కార్బన్ చేతికి తాడు బిగించి ఉంచుతుంది. ఇక మిగిలిన నైట్రోజన్ చేత్తోనే పట్టుకోవాలి. ఐసోసయనైడు వస్తుంది. ఒక చెయ్యే కట్టి రెండోది మరిచిన వాళ్ల వేలు ఏమవుతుందో పులికాట్‌లో ఎవరినడిగినా చెబుతారు.

పక్కన బొమ్మ కూడా గీసింది.

ఫలితాలు చూసొచ్చింది మేనబావ కిషోర్. నెట్ సెంటర్ నుంచి తల వంచుకుని వచ్చాడు.

"ఒక్క కెమిస్ట్రీనే పోయింది లక్ష్మీ. బొమ్మలేస్తే మార్కులేస్తారా ఎవురన్నా?"

నెల్లూరు పోయి డిగ్రీ చదువుతానన్న పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదు. "తప్పిందానికి ఇంకేం చదువు" అన్నాడు నాన్న. నెల తిరిగేసరికి కిషోర్ తాళి కట్టాడు. పరీక్ష తప్పిన పిల్లను చేసుకున్నాడు, ఎంత మనసున్నోడో అని ఊరంతా మెచ్చుకుంది. అందరికన్నా ఎక్కువ ధనలక్ష్మి మెచ్చుకుంది.

ఇప్పుడు రొయ్యపిల్లల హేచరీ ల్యాబులో పని ఉందట. ఇంటర్ పాసై ఉండాలి. ఇన్నేళ్లూ ఎండ్రకాయలు కట్టిన తాడు ఒరిపిడికి వేళ్లన్నీ కోసుకుపోయాయి. పాపకు అన్నం కలుపుతుంటే ఉప్పు తగిలి ప్రాణం పోతుంది. నెల రోజులు పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని పాత పుస్తకం చదివింది. చదివేకొద్దీ గుబులు పట్టుకుంది.

"నేను రాసింది కరెక్టే కదా బావా? బుక్కులో కూడా అదే ఉండాది."

"కరెక్టయితే ఎందుకు తప్పిస్తారే? మళ్లా రాసి మళ్లా తప్పితే నీ కూతురు కూడా నవ్వుద్ది." కిషోర్ నవ్వుతూ పాప బుగ్గ గిల్లాడు.

ఆ మాటకు రెండు రోజులు ఆగింది. మూడో రోజు అతను పడవ మీద వెళ్లగానే పాపను చంకనేసుకుని, తను చదివిన కాలేజీ ఉన్న తడకు బస్సెక్కింది. పాప ఒళ్లు వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. దిగిపోదామా అని రెండు స్టాపుల్లో లేచి, రెండుసార్లూ కూర్చుంది.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా దావీదు సారు అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే.

"సప్లిమెంటరీకి కట్టాల సార్. కెమిస్ట్రీ. హాల్ టికెట్ నంబరు గుర్తులేదు."

"నంబరు లేకపోతే ఏమిలే, నువ్వు గుర్తుండావు. హాల్ టికెట్టుకు కూడా ఎండ్రకాయల వాసన కొట్టించిన పిల్లవి గదూ!"

ఆరేళ్ల కిందటి రిజిస్టరు దించి దుమ్ము దులిపాడు. పాప తుమ్మింది. వేలితో వరసలు దిగుతూ పోయి ఒకచోట ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"దేనికి కడతావమ్మా?"

"కెమిస్ట్రీకి సార్. ఒక్కటే."

ఆయన రిజిస్టరును ఆమె వైపు తిప్పాడు.

ధనలక్ష్మి పేరుకు ఎదురుగా కెమిస్ట్రీ అరవైకి యాభై నాలుగు అనీ, అన్నిట్లో పాస్ అనీ ఉంది. మార్కుల మెమో ముట్టినట్టు చివరి గడిలో, వాళ్ల పెళ్లికి పదకొండు రోజుల ముందటి తేదీతో, కిషోర్ సంతకం ఉంది.