అర్జునరావుని ఆపేవాడు

“నలభై రెండు పాయింట్లయ్యా, నీ కళ్ళముందే! వాడికి కాపలా కాశావా, హారతి పట్టావా?”

స్టీలు కాలనీ బాస్కెట్‌బాల్ కోచ్ అచ్యుతరామయ్య తువ్వాలు నేలకేసి కొట్టాడు. అప్పలసూరి తల వంచుకున్నాడు. ఎనభై నాలుగులో స్టీలు ప్లాంటులో ఫర్నేసింకా వెలగలేదు గానీ, కాలనీకి కప్పు మాత్రం అర్జంటుగా కావాల్సొచ్చింది. మూడాటల ఫైనల్లో మొదటిది హార్బరు జట్టు ఎగరేసుకుపోయింది. వాళ్ళకి అర్జునరావొక్కడే పదిమంది పెట్టు.

“ఈసారి ఆణ్ణి ఒగ్గను సార్.”

“ఒగ్గితే నీ టెంపరరీ ఉద్యోగం టెంపరరీగానే ఉంటుంది. కప్పొస్తేనే పర్మనెంటు.”

మర్నాడు అప్పలసూరి ప్రాక్టీసుకి రాలేదు. అచ్యుతరామయ్య స్కూటరేసుకుని పూర్ణా మార్కెట్ వెనక సందులోకి వెళ్ళాడు. ఇంటి అరుగు మీద నలుగురు బోర్లా పడుకున్నారు. అప్పలసూరి వరసగా వాళ్ళ నడుములు తొక్కుతున్నాడు.

“ఎదురుకాళ్ళతో పుట్టినాడు బాబూ,” అంది వాళ్ళమ్మ దేముడమ్మ. “ఆడు తొక్కితే నడుం పట్టు ఒగ్గేత్తాది. ఎవులొచ్చినా కాదనకూడదు. కాదంటే కాల్లో గుణం పోద్ది.”

గోదావరి ఒడ్డున బీయే చదివిన అచ్యుతరామయ్యకి నవ్వాగలేదు. “ఎదురుకాళ్ళా? అందుకేనన్నమాట, కోర్టులో వెనక్కి పరిగెడుతున్నాడు,” అన్నాడు.

రెండో ఆటలో ఆ ఎదురుకాళ్ళవాడే అర్జునరావుని జలగలా పట్టుకున్నాడు. పద్దెనిమిది పాయింట్లు దాటనివ్వలేదు. కాలనీ గెలిచింది. ఆ ఘనతంతా తన పథకానిదేనని అచ్యుతరామయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

మూడో ఆట నాడు పొద్దున్నే కబురొచ్చింది. అర్జునరావుకి నడుం పట్టేసిందట, మంచం దిగలేకపోతున్నాడట. అచ్యుతరామయ్య మధ్యాహ్నం అందరికీ కోవా పంచిపెట్టాడు.

“ఇంక నువ్వు నిద్రపోయినా గెలుస్తాం. పర్మనెంటు ఆర్డరు టైపు కొట్టించమంటాను,” అన్నాడు అప్పలసూరితో.

అప్పలసూరి కోవా తినలేదు. చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం ఐదింటికి అర్జునరావు గంతులేసుకుంటూ కోర్టులోకొచ్చాడు. అప్పలసూరి ఊపిరి బిగబట్టి వెంటపడ్డాడు. అయినా ఆఖరి నిమిషంలో అర్జునరావు అతని తల మీంచి బంతిని బుట్టలో వేశాడు. హార్బరు ఒక్క పాయింటుతో గెలిచింది.

“మంచాన పడ్డవాణ్ణి ఆపలేకపోయావు. నీకు పర్మనెంటొకటి! పో, మార్కెట్లో నడుములు తొక్కుకు బతుకు,” అంటూ అచ్యుతరామయ్య బంతుల సంచీని విసురుగా ఎత్తబోయాడు. నడుం కలుక్కుమంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

అందరూ మూగారు. అర్జునరావు కూడా వచ్చి భుజం పట్టుకున్నాడు.

“బోర్లా పడుకోండి సార్. సూరి తొక్కుతాడు.”

“ఆ కాలికంత గుణమే ఉంటే నిన్ను ఆపేది కాదటయ్యా?” మూలిగాడు అచ్యుతరామయ్య.

“పొద్దున్న నన్ను లేపింది ఆ కాలే సార్.”