కళ్ళారా చూసినవాడు

“మీ నాన్న చనిపోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరైనా వచ్చి సాక్ష్యం చెబితే తప్ప, ఆ రాతి మీద పేరెక్కదమ్మా” అన్నాడు సైనిక రికార్డుల ఆఫీసులో గుమాస్తా.

టైలరమ్మకి ఆ మాట కొత్త కాదు. వెళ్ళిన ప్రతిసారీ వింటున్నదే.

ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే తండ్రి యుద్ధానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. సర్కారు లెక్కలో అతను చచ్చినవాడూ కాదు, బతికినవాడూ కాదు. ఆచూకీ లేనివాడు.

వీధి లెక్క వేరు. తుపాకి మోత వినగానే పారిపోయాడన్నారు. ఎవత్తెనో కట్టుకుని అక్కడే కాపురం పెట్టాడన్నారు. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ, లోకుల మూతికి ఏం పెడతాం?

ఆ మాటలు పడుతూనే ఆమె తల్లి కుట్టుమిషను తొక్కి కూతుర్ని పెంచింది. పోయేముందు ఒకటే అడిగింది. కూడలిలో ఉన్న అమరవీరుల రాతి మీద ఆయన పేరు చెక్కించమని.

ఇప్పుడు టైలరమ్మకీ వయసైపోయింది. గుండె ఎక్కువ రోజులు లాగదని డాక్టరు చెప్పేశాడు. అందుకే కాళ్ళరిగేలా తిరుగుతోంది.

తండ్రి ఫొటో ఒక్కటే ఉంది. దాన్నీ చెమ్మ తినేసింది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది.

తెలిసినవాళ్ళుంటే చెప్పమని మనవరాలు ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టింది. చెప్పేవాళ్ళకేం, బోలెడుమంది వచ్చారు. మీ నాన్న నా ఒళ్ళోనే ప్రాణం విడిచాడని ఒకడు ఏడ్చాడు. ఆరా తీస్తే, ఆ యుద్ధం నాటికి వాడు పుట్టనేలేదు.

అప్పటినుంచీ పాత సైనికుడన్న మాట వింటేనే టైలరమ్మకి ఒళ్ళు మండిపోయేది.

సరిగ్గా అలాంటప్పుడు వచ్చాడు ఆ ముసలాయన.

ఆమె బట్టలు కుట్టే కొట్టు గుమ్మంలో నిలబడి, మీ నాన్న ఉన్న దళంలోనే నేనూ పనిచేశానన్నాడు. ఆయన చావు చూశారా అని ఆమె అడిగింది. అది వదిలేసి, అక్కర్లేని ఆరాలు చాలా తీశాడు. మీ అమ్మ ఎప్పుడు పోయింది, ఏ జబ్బుతో పోయింది, ఆ మిషను ఆవిడదేనా అని.

ఆమెకి ఓపిక నశించింది.

“పెద్దాయనా, చూశారా, లేదా? లేకపోతే లేదనండి. నాకు అవతల పనుంది.”

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఒకవేళ బతికే ఉంటే, అమ్మా?”

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

“బతికుండి ఇన్నేళ్ళూ రాలేదా? ఆయన ఎప్పుడొస్తాడో అని మా అమ్మ చచ్చేదాకా వీధి తలుపు గడియ వెయ్యనివ్వలేదు. బతికుండీ రాని మనిషైతే నా గడప తొక్కనివ్వను. చచ్చిపోయి ఉంటేనే నాకు నాన్న ఉన్నట్టు.”

ముసలాయన వంగి, నేల మీద పడి ఉన్న గుడ్డముక్క ఒకటి ఏరి మిషను మీద పెట్టాడు.

“లేడమ్మా” అన్నాడు చివరికి. “పోయాడు. నేను కళ్ళారా చూశాను.”

మర్నాడే ఆమె ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఆ దళం మనిషేనా కాదా అని అధికారి గుచ్చి గుచ్చి అడిగాడు. నాయకుడెవరు, ఏ గుట్ట మీద ఉన్నారు, ఎవరి పక్కన ఎవరు పడుకునేవారు. ముసలాయన దేనికీ తడుముకోలేదు.

ఎలా చనిపోయాడని అడిగితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు.

“నిలబడే పోయాడు. లొంగలేదు” అన్నాడు.

టైలరమ్మ పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బుద్ధెరిగాక తండ్రిని తలుచుకుని సిగ్గుపడకుండా ఏడవడం ఆమెకి అదే మొదలు.

బయటికొచ్చాక ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. ఆమె గమనించుకోలేదు. రాయి చెక్కేవాడికి కబురు పెట్టే తొందరలో ఉంది. మంచినీళ్ళైనా ఇవ్వలేదు, ఎక్కడుంటారని అడగనైనా లేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే అదే.

పేరెక్కింది. పారిపోయాడన్న నోళ్ళే వచ్చి దండలు వేశాయి. టైలరమ్మ రోజూ కొట్టు తెరిచేముందు వెళ్ళి ఆ రాయి తుడిచి వచ్చేది. అప్పుడు గుర్తొచ్చేవాడు ముసలాయన. వాకబు చేసింది, ఎవరికీ తెలియదు.

ఒక ఉదయం ఆమె వెళ్ళేసరికి చేతికర్రతో ఇంకో వృద్ధుడు ఆ పేరుని వేళ్ళతో తడుముతూ కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు. తనదీ ఆ దళమేనన్నాడు.

ఆమె ప్రాణం లేచొచ్చింది. సాక్ష్యం చెప్పిన మనిషి గురించి చెప్పి, ఆయన ఎక్కడుంటారో తెలిస్తే చెప్పమంది. కాళ్ళ మీద పడి క్షమాపణ అడగాలంది.

“వృద్ధాశ్రమంలో నా పక్క మంచమే అతనిది. మొన్న పోయాడమ్మా. పేరు సరిగ్గా చెక్కారో లేదో చూసి రమ్మన్నాడు. నేను బయల్దేరేలోపే పోయాడు.”

టైలరమ్మ రాతి మెట్టు మీద కూలబడింది. మా నాన్న గురించి నాలుగు మాటలు వినాలన్నా దిక్కులేకుండా పోయిందని వాపోయింది. మీ దళంలో ఇంకెవరైనా మిగిలారా అని అడిగింది.

ఆయన చేతికర్ర పక్కన పెట్టి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

“మేం చేతులెత్తి లొంగిపోయిన రోజుకే, ప్రాణాలతో మిగిలింది ఇద్దరమమ్మా” అన్నాడు. “నేనూ, మీ నాన్నా.”