ఉమ్మడి గోడ

మంగళవారం పొద్దున్న బెవర్లీ టీలో పాలు పోస్తుండగా పక్కింటి వైపు గోడ మోగింది. టక్, టక్, టక్.

"మొదలెట్టాడు ముసలాడు," అంటూ కీత్ పిడికిలి ఎత్తాడు. ఇక్కడ చప్పుడెక్కువైందని అటు నుంచి కొడితే ఇటు నుంచి బదులు కొట్టడం ఆ ఇంట్లో పదేళ్ళ అలవాటు.

బెవర్లీ మొగుడి చెయ్యి గాల్లోనే పట్టుకుంది. "ముసలాడంటావేం, నీకంటే రెండేళ్ళేగా పెద్ద? కొట్టావంటే ఫిలీలో మనం చూసుకున్న ఇల్లు పోయినట్టే. ఫర్జానా ఏం చెప్పిందో మర్చిపోయావా?"

ఫర్జానా వాళ్ళ సొలిసిటర్. ఇల్లు అమ్మకం కాగితాలన్నీ ఆవిడే చూస్తోంది. కిందటి వారం బెవర్లీ ఆవిణ్ణి ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఇంకెన్నాళ్ళు పడుతుంది? సామాను బండికి ఎప్పుడు చెప్పుకోవచ్చు? కొనేవాళ్ళు మధ్యలో మానుకుంటే?

"కాంట్రాక్టులు చేతులు మారేదాకా ఎవరైనా మానుకోవచ్చు. కారణం కూడా చెప్పక్కర్లేదు," అంది ఫర్జానా. "శుక్రవారం మారతాయి. అందాకా బండికి చెప్పకండి."

తర్వాత ఇల్లు అమ్మేవాళ్ళు నింపాల్సిన ఫారంలో ఒకచోట వేలు పెట్టింది. పొరుగువాళ్ళతో గొడవలు ఉన్నాయా?

"పక్కింటి హోల్‌రాయిడ్ అప్పుడప్పుడూ గోడ కొడుతుంటాడు. అది గొడవ కిందికొస్తుందా?"

"ఆయన కొడితే అది ఆయన అలవాటు. మీరు వెళ్ళి తలుపు బాది అడిగితే గొడవ. గొడవంటూ ఉంటే రాసి తీరాలి. దాచారని తేలితే కొన్నవాళ్ళు కోర్టుకి లాగుతారు."

బదులు కొట్టిన సంగతి నోట్లోనే మింగేసి, బెవర్లీ 'లేవు' అని రాసింది.

రాయక ఏం చేస్తుంది? కీత్ మోకాళ్ళు అరిగిపోయాయి. స్నానాలగది మేడ మీద. మెట్టు మెట్టుకీ దేవుణ్ణి తిడుతూ ఎక్కుతున్నాడు. ఫిలీలో సముద్రం పక్కన మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకున్నారు. ఆ ఇంటివాళ్ళు ఈ నెల దాటితే ఆగేది లేదన్నారు. ఈ ఇల్లు కొంటామని మొదట వచ్చిన కుర్రజంట, ఇల్లు చూస్తుండగానే హోల్‌రాయిడ్ గోడ దడదడలాడించేసరికి, మళ్ళీ మొహం చూపించలేదు.

ఇప్పుడు దొరికినావిడ పేరు పెన్‌హాలిగన్. ఎక్కడో కార్న్‌వాల్ నుంచి వచ్చింది. అదృష్టం కొద్దీ శనివారం మధ్యాహ్నం, హోల్‌రాయిడ్ బౌల్స్ ఆటకి వెళ్ళాకే వచ్చింది. వంటిల్లు చూళ్ళేదు. కప్పు కారుతుందా అని అడగలేదు. పక్కింటి వైపు గోడకి అరచెయ్యి ఆనించి, "అవతలి చప్పుడు ఇటు వినిపిస్తుందా?" అని మాత్రం అడిగింది.

"రాతి గోడమ్మా. అవతల పిడుగు పడినా వినపడదు," అంది బెవర్లీ.

ఆవిడ మొహం ఎందుకో చిన్నబోయింది. అయినా అడిగిన ధర ఇస్తానంది.

అలాంటి బేరం చేజారితే మళ్ళీ దొరుకుతుందా? అందుకే మంగళవారమంతా మొగుడూ పెళ్ళాలు కుక్కిన పేనులా ఉండిపోయారు. టీవీ కట్టేశారు. మేజోళ్ళతో నడిచారు. దగ్గొస్తే కీత్ దిండులో మొహం పెట్టి దగ్గాడు. అయినా గోడ ఆగి ఆగి మోగుతూనే ఉంది.

"ఇంకేం ఆపమంటాడు, ఊపిరా?" అన్నాడు కీత్ గుసగుసగా.

"శుక్రవారం దాకా అదీ ఆపు. ఆ తర్వాత వాడి చెవి దగ్గర బాకా ఊదుకో."

బుధవారం చప్పుడు గోడ అడుగు నుంచి వచ్చింది.

"చూశావా, లేచి కొట్టడానికి కూడా బద్ధకమే. కూర్చున్న చోటి నుంచే సాధిస్తున్నాడు," అన్నాడు కీత్. "వెళ్ళి నాలుగు కడిగేసి రానా?"

"తలుపు తడితే మాటొస్తుంది. మాటొస్తే గొడవొస్తుంది. నోరు మూసుకుని కూర్చో."

గురువారం పొద్దున్న ఒకటి రెండుసార్లు గీరినట్టు వినిపించింది. మధ్యాహ్నానికి అదీ లేదు.

"పీడ విరగడైంది," అంది బెవర్లీ. "మనం పట్టించుకోకపోతే వాడికే విసుగొచ్చింది. ఈ ఉపాయం పదేళ్ళ కిందటే తట్టి ఉంటే ఎంత బాగుండేది." ఆ సాయంత్రం వీధి చివరి కొట్లో మాంసం కూరి కాల్చిన మీట్‌పైలు తెచ్చుకుని, టీవీ పెట్టుకుని, ఇద్దరూ కడుపులో చల్ల కదలకుండా తిన్నారు.

శుక్రవారం ఉదయం ఫర్జానా ఫోన్ చేసింది.

"కొనేవాళ్ళ సొలిసిటర్ ఆఖరి ప్రశ్న ఒకటి పంపాడు. ఈ వారంలో పక్కింట్లోంచి ఏమైనా చప్పుడు వినిపించిందా అని."

గోడ సంగతి ఎవరో చెప్పేసుంటారు. బెవర్లీ ఫోను తీసుకెళ్ళి గోడకి ఆనించింది. కాసేపాగి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"విన్నారుగా? వారమంతా ఇంతే."

"సరే, అలాగే రాస్తాను."

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ మోగింది. కాంట్రాక్టులు మారాయి. ఇక ఎవరూ వెనక్కి పోలేరు. బెవర్లీ ఫోను పట్టుకునే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. కీత్ ఆగలేకపోయాడు. నాలుగు రోజుల కసి అంతా పిడికిట్లోకి తెచ్చుకుని గోడ దబదబా బాదాడు. చెవి పెట్టి విన్నాడు. అవతలి నుంచి బదులు లేదు.

"ఓడిపోయాడు," అన్నాడు నవ్వుతూ.

ఫోనులో ఫర్జానా ఇంకా ఉంది.

"ఇంకో మాట, బెవర్లీ గారూ. చెబితే మీరు అమ్మరేమోనని ఇన్నాళ్ళూ దాచిందట గానీ, పెన్‌హాలిగన్ గారు మీ హోల్‌రాయిడ్‌కి సొంత చెల్లెలట. అన్నయ్య మంగళవారం నుంచి ఫోను ఎత్తడం లేదని, మీరొక్కసారి ఆ గోడ తట్టి చూడమని అడుగుతోంది."