నోరు మూసిన కొక్కెం

చౌడక్క చేనిలో మోటారు కాలిపోయింది.

రొద్దం నుంచి సుంకప్ప, అతని తమ్ముడు తిరుపాల్ వచ్చి బోరు మీద ముక్కాలి నిలబెట్టారు. మూడు ఇనుప కాళ్లు కలిసేచోట ఒక కొక్కెం. దానికి చైన్ పుల్లీ. దాంతో పైపులను, వాటి చివరనున్న మోటారును పైకి లాగాలి.

రెండు పైపులు వచ్చేసరికి బరువుకు వంపు సాగి కొక్కెం నోరు తెరిచింది.

సుంకప్ప పైపులను బోరు మూతి దగ్గర బిగించాడు. కొక్కేన్ని ఊడదీసి, బండ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. నోరు మూసుకుంది.

"ఎన్నోసారి?"

గట్టు మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజాన బరువైన గోనెసంచి.

"లెక్క ఎవరు పెట్టుకుంటారప్పా. తెరిస్తే మూస్తాం."

"ఇంక దాన్ని వాడొద్దు."

ముసలాయన కింద పడివున్న కట్టుకమ్మీ ముక్క తీశాడు. ఒకేచోట అటూ ఇటూ వంచాడు. మొదట మెత్తగా వంగింది. తర్వాత మొరాయించింది. తర్వాత విరిగింది.

"మా వదినా ఇంతే," అన్నాడు తిరుపాల్.

"ఇనుము లోపల చేన్లో చెనిక్కాయ సాళ్ల మాదిరి వరసలుంటాయంట," అన్నాడు ముసలాయన. "ఆడాడ మొలక తప్పినట్టు వరస తెగి ఉంటాది. ఆ తెగిన చోటు జరుగుతా పోతేనే ఇనుము వంగేది. కొట్టేకొద్దీ అట్లాంటివి ఎక్కువై, ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఇంక జరగవు. కాలేజీ సార్లను అడిగి తెలుసుకుంటి."

"జరగకపోతే మంచిదే కదప్పా. గట్టిపడినట్టే."

"గట్టిదే. నోరు తెరిచి చెప్పే గుణం పోయింది. ఈసారి చెప్పకుండా ఇరుగుతాది."

సంచిలోంచి కొత్త కొక్కెం తీశాడు. ఇంకా గ్రీజు కూడా పోలేదు.

"ఇది తీసుకో. అది నాకియ్యి."

"ఎంత?"

"ఏమీ వద్దు."

ఆ మాటతోనే పని చెడింది.

కొన్ని పాత ఇనుము, రాగి సామాన్లకు బియ్యం గింజలు లాగే మహిమ ఉంటుందని, అట్లాంటిది దొరికితే జన్మ తిరిగినట్టేనని పెనుకొండ చుట్టుపక్కల చెప్పుకునేవాళ్లున్నారు. సుంకప్ప బావ అట్లాంటి చెంబు కోసం ఎద్దులను పోగొట్టుకున్నాడు.

తిరుపాల్ చౌడక్కను అడిగి గుప్పెడు బియ్యం తెచ్చాడు. పాత కొక్కెం చుట్టూ పోశాడు. గింజలు కదల్లేదు.

"ఎండపూట పనిచేయదేమో," అన్నాడు.

సుంకప్ప కొక్కేన్ని ఒడిలోకి తీసుకున్నాడు. "దీంట్లో ఏమీ లేకుంటే కొత్తది ఊరికే ఎందుకిస్తావప్పా?"

ముసలాయన చేతులు జోడించాడు. "దాని కింద నిలబడేది నీ తమ్ముడు కదా."

"నా తమ్ముడి సంగతి నాకు తెలుసులే. నువ్వు పో."

ముసలాయన కొత్త కొక్కేన్ని గట్టు మీద పెట్టాడు. "పాతది ఇయ్యకపోయినా పర్వాలేదు. దీన్ని తగిలించండి."

వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

"దాన్ని ముట్టుకోవద్దురా. ఏం చేసి తెచ్చినాడో," అన్నాడు సుంకప్ప.

పాతదానికి కుంకుమ పెట్టి తగిలించాడు. తిరుపాల్ కింద నిలబడి పైపు పట్టుకున్నాడు. సుంకప్ప గొలుసు లాగాడు.

కొక్కెం నోరు తెరవలేదు.

ఠప్పున విరిగింది. పుల్లీ తిరుపాల్ తల మీద పడింది. పైపులు, మోటారు బోరులోకి జారిపోయాయి.

చౌడక్క కేక మాత్రం వినిపించింది. తిరుపాల్ అరవలేదు.

కర్మాంతరాలు అయ్యాక సుంకప్ప హిందూపురం పోయాడు. తాను పాత కొక్కెం కొన్న సామాన్ల అంగడి అక్కడే ఉంది. గట్టు మీది కొత్త కొక్కేన్ని అంగడి యజమాని కేశవమూర్తి ముందు పెట్టాడు.

"దీన్ని ఎవరు కొనుక్కుపోయింది శెట్టీ? గోనెసంచి ముసలాయన."

"హనుమంతరాయుడు. ఉన్న చేను అమ్ముకొని కొత్త కొక్కేలు కొంటాండాడు. ఊరూరా తిరిగి పాతవాటికి మారుస్తాండాడు."

"యాడ ఉంటాడు?"

"ఇప్పుడే బస్సెక్కినాడు. మార్చాల్సిన పాతది ఒక్కటే మిగిలిందంట, రొద్దం పక్క. వాళ్లు ఇయ్యలేదంట. మళ్లీ పోయి కాళ్లు పట్టుకుంటానన్నాడు."

సుంకప్ప తువ్వాలు విప్పి, విరిగిన రెండు ముక్కలు బల్ల మీద పెట్టాడు.

కేశవమూర్తి వాటిని ముందుకు లాక్కున్నాడు. ఒక ముక్క తీసుకొని మెడ దగ్గర రంగును గోటితో గీకాడు. కింద చిన్న ఉలి గాటు కనిపించింది.

"ఇది ఆయప్ప గుర్తే సుంకప్పా," అన్నాడు. "వంగిన కొక్కేలు కాల్చకుండానే కొట్టి మూసి, రంగేసి నాకు తెచ్చి ఇస్తాండె, తన కొడుకు అట్లాంటిదాని కిందనే పోయేదాకా."